చిల్లు పొడవని ట్యాంకులు

ఆదివారం పొద్దున గొడవ గరాటు దగ్గర మొదలైంది.

వేరుశనగ నూనె డబ్బాలోంచి సీసాలోకి వంపుకోవడానికి నా వంటింట్లో ఒక చిన్న స్టీలు గరాటు ఉంది. బొరుగుల ఒగ్గాణికి పోపు పెడదామని ఆ నూనె బాణలిలో పోశాను. కాస్త వేడెక్కేసరికి గది నిండా పెట్రోలు వాసన. పొయ్యి ఆపి, బాణలి, సీసా, గరాటు ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకొని చూశాను. దొంగ గరాటే.

"ఏమండీ, మీరు నా గరాటు తీసుకున్నారా?"

మా ఆయన నాగేశ్వర షెడ్డులోంచే అరిచాడు. "తీసుకొని, కడిగి, యాడిది ఆడ పెట్టినా కదా!"

"కడిగితే ఈ వాసనేంది?"

"ఏం వాసన లేదు. నేను చూసినా."

"మీ ముక్కుకు లేదు."

"నీ ముక్కు ఉండేదే తప్పులు పట్టేకి."

మా అత్త హనుమంతమ్మ మంచం మీద నుంచి, "పొద్దున్నే గరాటుకు ఇంత రామాయణమా? ఇంకోటి కొనుక్కుంటే పోతాది" అంది. గిన్నెలో నానిన బొరుగులు అప్పటికే పిండిముద్ద అయిపోయాయి. వాటిని, నూనెను పారబోసి, ముగ్గురికీ బ్రెడ్డు కాల్చి పెట్టాను. తొట్టి దగ్గర మూడు రోజుల అంట్లు పడి ఉన్నాయి. పనికి వచ్చే చౌడమ్మ గురువారం నుంచి రాలేదు.

ఆయన ముక్కు సంగతి నాకు తెలియనిది కాదు. ధర్మవరంలో మాది పట్టుచీరల కొట్టు. చీర మీద నూనె మరక పడితే పెట్రోలు ముంచిన గుడ్డతో తుడుస్తారు. పదేళ్ల వయసు నుంచి ఆ గుడ్డ పట్టుకున్న మనిషికి పెట్రోలు వాసన గాలి వాసనతో సమానం. ఇక రెండేళ్ల కిందట బెంగళూరు నుంచి లారీ మీద పాత జాగ్వార్ కారు మా రాప్తాడు ఇంటికి వచ్చాక, వాసన నాకు మాత్రమే మిగిలింది.

అది యాభై ఏళ్ల నాటి కారు. ఎవరో కాఫీ తోట యజమాని పాకలో ఏళ్ల తరబడి నిలబడిపోయింది. దానికి ఒకటి కాదు, రెండు పెట్రోలు ట్యాంకులు. వెనక చక్రాల మీద అటొకటి, ఇటొకటి. నిలవ ఉండి ఉండి రెండూ లోపల తుప్పు పట్టాయి. తుప్పు రజను పంపులోకి పోయి, హైవే ఎక్కిన ప్రతిసారీ కారు ఆగిపోయేది. ఆయన దాన్ని తోసుకుంటూ తిరిగొచ్చేవాడు. చొక్కా విప్పకుండానే నా సోఫాలో కూర్చునేవాడు.

చివరికి అనంతపురం మెకానిక్ జోయల్ ఒక దారి చెప్పాడు. పాత ట్యాంకులు రెండూ తీసేసి, డిక్కీలో ఫ్యూయల్ సెల్ పెట్టడం. పేరు విని అదేదో హైడ్రోజన్ బ్యాటరీ అనుకున్నాను. నేను చదివింది బి.ఎస్సీ. కెమిస్ట్రీ. కాదట. పందేల కార్లకు పెట్టేదట. అల్యూమినియం పెట్టె, లోపల మందమైన రబ్బరు సంచి, సంచి నిండా స్పాంజి. కారు దేనికైనా గుద్దుకున్నా సంచి పగలదు, పెట్రోలు ఒలకదు. తుప్పు అన్న మాటే ఉండదు.

పెట్టె వచ్చిన రోజు ఆయన దాన్ని హాల్లో పరుపు మీద పెట్టి విప్పాడు. ఆ రబ్బరు సంచిని లోపలా బయటా తెల్ల గుడ్డతో తుడిచాడు. నన్ను చేతులు కడుక్కోకుండా ముట్టుకోవద్దన్నాడు.

ట్యాంకులు తీసిన రోజు జోయల్ అన్న మాట నేను వంటింటి కిటికీలోంచి విన్నాను. ఇది ఇరవై రోజుల కిందటి సంగతి.

"అన్నా, వీటికి చిల్లులు పొడిచి పాత ఇనుముకు ఏసేద్దాం. ఊరికే పెడితే ఎవురన్నా దేనికన్నా వాడతారు."

"బాగుండే వస్తువుకు చిల్లులేందిరా! ఎవురికో ఒకరికి పనికొస్తాది" అన్నాడు ఆయన.

రెండు ట్యాంకులూ నల్లటి జిగురు కార్చుకుంటూ నా తులసికోట పక్కనే పడి ఉన్నాయి. సాయంత్రం చౌడమ్మ మొగుడు కొండప్ప వచ్చి, "అన్నా, ఇవి నాకిస్తారా?" అని అడిగాడు. "తీసుకోప్పా" అని ఆయన ఉదారంగా చెయ్యి ఊపాడు. కొండప్ప వాటిని టీవీఎస్ వెనక తాళ్లతో కట్టుకుంటుంటే నేను వరండాలో నిలబడి చూశాను. ఎందుకని అడగలేదు. నా వాకిలి శుభ్రమైతే చాలనుకున్నాను.

బ్రెడ్డు తిన్నాక చౌడమ్మను చూసి వద్దామని బయలుదేరాను. హైవే దాటితే వాళ్ల కాలనీ. అక్కడ పంచాయతీ నీళ్లు నాలుగు రోజులకోసారి వస్తాయి. వచ్చినప్పుడు పట్టుకోవడమే. అందుకే ఆ వీధిలో బిందెలు, పెయింటు డబ్బాలు, పగిలిన టబ్బులు, నీళ్లు నిలిచేది ఏదైనా గుమ్మం ముందుంటుంది.

చౌడమ్మ గుమ్మం ముందు నాలుగు తాడిపత్రి బండలు నిలబెట్టి ఉన్నాయి. వాటి మీద మా ట్యాంకులు. తెల్ల రంగు వేశారు. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. అడుగున పెట్రోలు వదిలే రంధ్రానికి ప్లాస్టిక్ కొళాయి బిగించారు. పని మాత్రం ముచ్చటగా ఉంది.

"రా అక్కా, కూచో" అంటూ చౌడమ్మ చాప వేసింది. ఇంటికొచ్చిన మనిషికి ముందు నీళ్లివ్వాలి కదా, కొళాయి తిప్పి చెంబు నింపి నా చేతికిచ్చింది.

నీళ్ల మీద సన్నటి తెట్టు. వెలుతురు పడగానే అందులో నీలం, గులాబీ రంగులు మెల్లగా తిరిగాయి. వాసన చూడాల్సిన అవసరం కూడా రాలేదు. ముఖం తిప్పుకున్నాను. చౌడమ్మ అది చూసింది.

"మీ ఇంటి ట్యాంకీనే కదక్కా. బాగా కడిగినాం. చింతపండేసి, బూడిదేసి, మూడు మార్లు తోమినాం."

"ఈ నీళ్లే తాగుతున్నారా?"

"తాగేకి, సంగటికి, అన్నిటికీ ఇవే. కొళాయి ఉండాది కదా, ముంచే పని లేదు."

"వాసన రాలేదా?"

"మొదట వస్తాండె. ఇప్పుడు మాకేం తెలీదక్కా."

లోపల చాప మీద ఆమె కూతురు తిరుపాలమ్మ పడుకొని ఉంది. మూడేళ్లది. పేరు మాత్రం అవ్వది పెట్టారు. పెదాల చుట్టూ చర్మం చిట్లి, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. పక్కన పాత గుడ్డ, దాని మీద ఈగలు.

"వారం నుంచి తిన్నది తిన్నట్టే కక్కుతాంది. ఆరెంపీ డాక్టరు దగ్గరికి పోతే గ్యాసన్నాడు. మాత్రలిచ్చినాడు. అయితే అక్కా, దీనికి మొండితనం ఎక్కువ. నీళ్లు చూస్తేనే ఏడుస్తాది. ఛీ వాసన, ఛీ వాసన అంటాది. మాత్ర ఎట్ల మింగించాల? ముక్కు మూసి పోస్తాండా."

ఆ ఇంట్లో ముక్కు పనిచేస్తున్నది ఆ పిల్ల ఒక్కదానికే. దాన్నే ముక్కు మూసి తాగిస్తున్నారు.

ఒకప్పటి పెట్రోలులో సీసం కలిపేవారు. కాలేజీలో దాని ఫార్ములా రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఈ ట్యాంకులు ఏళ్ల తరబడి ఆ పెట్రోలు తాగి ఆ మడ్డిని లోపల దాచుకున్నాయి. చింతపండుకు తుప్పు పోతుందేమో కానీ అది పోదు. ఇదంతా నాకు ఇరవై రోజుల కింద కూడా తెలుసు.

"చౌడమ్మా, ఇంక ఈ నీళ్లు పిల్లకు ఒక్క చుక్క పొయ్యొద్దు. మీరూ తాగొద్దు. ఇది విషం."

ఆమె కోప్పడలేదు. చాలా మామూలుగా అడిగింది. "మరి దేంట్లో పట్టుకోవాలక్కా? ఉండే బిందెలు మూడు. మళ్లా బుధవారం దంకా నీళ్లు రావు. విషమైతే మీరెందుకిస్తారు?"

చెంబులో నీళ్లు పారబోద్దామంటే కాళ్ల దగ్గర కోళ్లు తిరుగుతున్నాయి. ఒక ఖాళీ సీసా అడిగి, దాంట్లో పోసుకున్నాను. దారిలో అంగడి నుంచి ఒక నీళ్ల క్యాను వాళ్లింటికి పంపించి వచ్చాను.

నేను వచ్చేసరికి ఆయన కారు కడుగుతున్నాడు. దానికోసమే షెడ్డు మీద అయిదు వందల లీటర్ల సింటెక్సు ఉంది, వారానికోసారి ట్యాంకరుతో నింపిస్తాడు. పైపులోంచి నీళ్లు చక్రాల మీద కొట్టి, వాకిట్లోంచి వీధిలోకి పారుతున్నాయి. ఎర్రమట్టి ఆ నీటిని గటగటా తాగేస్తోంది. జోయల్ డిక్కీలో తల పెట్టి ఫ్యూయల్ సెల్‌కు బోల్టులు బిగిస్తున్నాడు.

"వచ్చే ఆదివారం బెంగళూరు పాత కార్ల ర్యాలీకి బండి తయార్" అన్నాడు ఆయన. "నీకు మామిడిపిందెల చీర తీసిపెట్టినా. పక్కన పట్టుచీరలో కూచుంటే ఫోటోలు అదిరిపోతాయి."

నేను చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కొని సంగటి కెలికాను. వేరుశనగ ఊరిబిండి నూరాను.

ఒంటిగంటకు అందరం కూర్చున్నాం. అత్త, ఆయన, జోయల్. వడ్డిస్తూ ఆయన గ్లాసులో చౌడమ్మ ఇంటి నుంచి తెచ్చిన సీసా నీళ్లు పోశాను. నోటి దాకా పోనివ్వకూడదనే అనుకున్నాను. గ్లాసు ఎత్తుతాడు, మొహం చిట్లిస్తాడు, అప్పుడు చెప్పాలి.

ఆయన గ్లాసు ఎత్తాడు. మాట ఆపలేదు. "జోయలూ, ఇంక లోపల నలుసు కూడా ఉండదు. తాగే నీళ్లంత శుభ్రంగా ఉంటాది పెట్రోలు." గ్లాసు పెదాలకు ఆనింది. మొహంలో ఏ మార్పూ లేదు.

నేను మణికట్టు పట్టుకున్నాను. నీళ్లు సంగటి మీద ఒలికాయి.

"ఏమే, ఏమైంది నీకు?"

"వాసన చూడండి."

చూశాడు. "ఏముంది? నీళ్లు."

గ్లాసు అత్త చేతికిచ్చాను. ఆమె ముక్కు దాకా తెచ్చి, "థూ!" అని కొంగు అడ్డం పెట్టుకొంది. "ఇవేం నీళ్లురా నాగేశా! పెట్రోలు బంకు మాదిరి కొడ్తాంది. పొద్దున గరాటు కడిగినవా?"

జోయల్ కలిపిన ముద్దను తట్టలోనే వదిలేశాడు. "ఆ ట్యాంకులే కదక్కా?" అన్నాడు మెల్లగా.

"అవే. కొండప్ప వాళ్లు ఇరవై రోజుల నుంచి తాగుతున్నారు. తిరుపాలమ్మ వారం నుంచి కక్కుతోంది. వాసన అని ఏడుస్తుంటే ముక్కు మూసి పోస్తున్నారు."

ఆయనే అందుకున్నాడు. "వాడు అడిగినాడు, నేనిచ్చినా. నీళ్లు తాగమని నేను చెప్పినానా? వానికి తెలివి ఉండొద్దా?"

"జోయల్ మీకు చెప్పినాడు. నేను విన్నాను. విని ఊరుకున్నాను. వానికే ఎందుకుండాల తెలివి?"

"సరేలేవే. రేపు నాలుగు కొత్త బిందెలు కొనిస్తా. అన్నం ముందర ఈ కంపు మాటలెందుకు?"

ఒలికిన నీళ్లు ఆయన సంగటి చుట్టూ మడుగు కట్టాయి. పైన అదే రంగుల తెట్టు. ఆయన ఆ ముద్దను పక్కకు జరిపి, తడవని వైపు నుంచి తుంచుకొని ఊరిబిండిలో అద్దుకోబోయాడు. పదిహేనేళ్లుగా ఆ చేతికి వడ్డిస్తున్నాను. మొదటిసారి దాన్ని చూడలేకపోయాను. తట్ట ఆయన ముందు నుంచి తీసేశాను.

"జోయలూ, నువ్వు తిను. తిన్నాక షెడ్డు మీద సింటెక్సు దించి, ఆటోలో వేసి కొండప్ప ఇంటి ముందర పెట్టల్ల. ఆ రెండు ట్యాంకులకూ ఆడనే చిల్లులు పొడిచెయ్. చౌడమ్మ చూస్తుండగా పొడువు."

"సరే అక్కా" అన్నాడు జోయల్, ఆయన వైపు చూడకుండా.

"ఏంది, సింటెక్సా?" ఆయన లేచి నిలబడ్డాడు. "మరి కారు దేంతో కడగల్ల?"

"అత్తా, నేను తిరుపాలమ్మను అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకొని పోతున్నాను. ఏ ట్యాంకు నీళ్లో, ఎవరిచ్చినారో డాక్టరుకు నేనే చెప్తాను. రాత్రికి రాకపోతే మీరు మజ్జిగన్నం తినండి. వచ్చే ఆదివారం నేను బెంగళూరుకు రాను, ఆ కారు ఎక్కను."

అత్త మంచినీళ్ల చెంబు తన దగ్గరికి జరుపుకొని, "పోయి రా" అంది.