కణుపంత మామగారు

నళినికి బొమ్మలు చేయడం వచ్చా అని ఎవరైనా అడిగితే ఆమె నవ్వి ఊరుకునేది. లాడ్ బజార్ వెనక సందులో ఆ మాట అడిగేవాళ్లే లేరు. దసరాకు ఆమె ఇంట్లో బొమ్మల కొలువు పెడితే సందులోని ఆడవాళ్లంతా వచ్చి చూసి పోయేవాళ్లు. వచ్చేటప్పుడు చెయ్యి విరిగిన కృష్ణుడినో, ముక్కు ఊడిన సిపాయినో కొంగున కట్టుకొచ్చి ఆమె ముందు పెట్టేవాళ్లు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "రేపు రాండ్రి" అనేది. మర్నాటికి కృష్ణుడికి చెయ్యి మొలిచేది.

ఆ ఏడు ఆమె కన్ను ఊళ్లో ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్, నుమాయిష్ మీద పడింది. ఆడవాళ్ల చేతిపనులకు అక్కడ ఒక స్టాలు పెడుతున్నారని తెలిసింది. ఒక బొమ్మో రెండు బొమ్మలో కాదు, తమ సందునే ఎత్తుకెళ్లి అక్కడ పెట్టాలనుకుంది. శ్రీరామనవమి నాటి పల్లకి సేవ, ఇళ్లు, దుకాణాలు, జనం, చివర గుడి, అన్నీ ముందువైపు తెరిచిన ఒక పెద్ద చెక్కపెట్టెలో పట్టాలి. ఆ పెట్టెతో పాటు తానూ వెళ్లాలి. పక్కన నిలబడి, "ఇది నేనే చేసిన" అని చెప్పాలి. ఈ రెండో కోరికే కష్టమైనది. నవాబుల కాలంలో ఘోషా పాటించిన ఇల్లు అది. నవాబుల దర్జా పోయి, రాష్ట్రం కలుస్తుందా లేదా అని బజార్లో జనం గొంతులు చించుకుంటున్న రోజులొచ్చినా, ఆ ఇంటి కోడళ్లు మాత్రం గడప దాటడం లేదు.

"పెట్టె పోతె పోనియ్యి. గోపాల్ తీస్కపోతడు" అన్నాడు ఆమె మామగారు సదాశివరావు. ఆయన నిజాం కొలువులో పెద్ద గుమాస్తాగా చేసి దిగినవాడు, ఆ సందు గుడికి ధర్మకర్త. నవమి నాడు పల్లకి తిరిగొచ్చినప్పుడు గుడి గుమ్మంలో నిలబడి తొలి హారతి ఇచ్చేది ఆయనే. గోపాలకృష్ణ ఆయన కొడుకు, నళిని భర్త. తండ్రి మాటకు ఎదురు చెప్పడం తెలియదు, భార్య మాటకూ తెలియదు. అందుకని పాపం ఎప్పుడూ ఇద్దరి మధ్య నలిగిపోయేవాడు.

నళిని అప్పటికి తలూపింది. ముందు పని కానీ, తర్వాతి సంగతి తర్వాత అనుకుంది.

బేగంబజార్‌కు మనిషిని పంపి గంపెడు మట్టి సేఠ్‌జీ బొమ్మలు తెప్పించింది. అన్నీ ఒకే అచ్చులోవి. ఒకే బొజ్జ, ఒకే మీసం, ఒకే ముసిముసి నవ్వు. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి, మెత్తటి రంపపు పొట్టు కలిపి ముద్ద చేసుకుంది. ఇక సేఠ్‌ల పని పట్టింది. ఒకడి బొజ్జ గీకేసి, మెడకు ముద్ద దట్టించి, భుజం మీద బొంగు మోపితే పల్లకి మోసే కొండల్ అయ్యాడు. ఇంకొకడి మీసం ఊడబెరికి, తల మీద కొంగు కప్పి, ముందు గంప పెడితే జామకాయలమ్మే ఆగమ్మ అయింది. ఒక సేఠ్ పూల దుకాణం రామ్‌చందర్ అయ్యాడు, మరొక సేఠ్ షేర్వానీ తొడుక్కుని మేడ మీంచి తొంగిచూసే మున్షీ సాబ్ అయ్యాడు. ముడతలు జడసూదితో గీసేది, కళ్లు ఉడుత తోక కుంచెతో దిద్దేది. ఒక్కొక్కరూ జానెడు ఎత్తున్నారు.

వెనక నిలబడేవాళ్లకు సేఠ్‌లు పనికిరాలేదు. సందు పొడుగు తెలియాలంటే దూరం పోయేకొద్దీ ఇళ్లు తగ్గాలి, మనుషులూ తగ్గాలి. వాళ్లను వట్టి ముద్దతో తానే చేసింది. బెత్తెడువాళ్లు కొందరు, వేలెడువాళ్లు కొందరు, చిట్టచివర గుడి గుమ్మంలో హారతి పళ్లెం పట్టుకుని మామగారు. ఆయన వేలి కణుపంత ఉన్నాడు. కణుపంతే అయినా తలపాగా వంపు, కుడి భుజం కాస్త ఎగరేసి నిలబడే అలవాటు, అన్నీ వచ్చాయి. అంత సన్నపు పని ఈ ఊళ్లో ఇంకెవరి చేతా కాదని నళిని నమ్మకం. ఆ నమ్మకంలో తప్పేమీ లేదు.

పెట్టెను అరుగు మీద పెట్టించగానే సందు సందంతా వచ్చి పడింది. నళిని తలుపు చాటునే నిలబడింది గానీ ఆమె గొంతు మాత్రం చాటున లేదు.

"అక్కా, నా మెడ గింత లావు పెట్టినవేంది?" అన్నాడు కొండల్.

"పల్లకి మోసిన మెడ సన్నగ ఎట్లుంటదన్నా?"

రామ్‌చందర్ తన బట్టతల మీద నాలుగు వెంట్రుకలు పెట్టమని బతిమాలాడు. "నువ్వు మొలిపించుకొని రా, నేను పెడ్త" అంది నళిని. అందరూ గొల్లుమన్నారు. ఆగమ్మ తన గంపలో ఇంకో నాలుగు కాయలు వేయమంది. అది న్యాయంగా ఉందని నళిని ఒప్పుకుంది.

అక్కడితో ఊరుకుంటే ఆగమ్మ ఆగమ్మ ఎందుకవుతుంది? పెట్టెలోకి తల దూర్చి, "అగ్గో, నేనే మస్తు పెద్దగున్న! మన సదాశివరావు పంతులు నా చిటికెనేలంత గూడ లేడు!" అని అరిచింది.

జనం మళ్లీ నవ్వారు. పడక కుర్చీలో కూచున్న సదాశివరావు అద్దాలు పెట్టుకుని లేచి వచ్చాడు. వంగి చూశాడు. ఆయనకు తెలిసిన బొమ్మలంటే కొలువు బొమ్మలే. కొలువులో రాజు పై మెట్టు మీద అందరికంటే పెద్దగా ఉంటాడు, బంట్లు కింద చిన్నగా ఉంటారు. ఆయన మొహం ఎర్రబడింది.

"ఏందిది? జామకాయలమ్మె మనిషి జానెడు, ధర్మకర్త కణుపంతనా? కొలువు పెట్టె ఇంటి కోడలివి, ఎవరు పెద్దో ఎవరు చిన్నో నీకు ఎరుక లేదా?"

"దూరమున్నరు గద మామయ్యా, అందుకే..."

"నాకవన్ని చెప్పకు. నన్ను పెంచు. పెంచకుంటె ఈ పెట్టె గడప దాటది."

పెట్టెను నుమాయిష్‌కు తీసుకెళ్లే బండి శనివారం వస్తుంది. మధ్యలో మిగిలింది ఒక్కరోజు. గోపాలకృష్ణ భార్య వెనకే తిరిగి, "పెంచరాదు, ఏం పోతది?" అన్నాడు.

"సందు పోతది" అంది నళిని.

అయినా పెంచింది. మిగిలిన ఆఖరి సేఠ్‌ను తీసి, వంక పెట్టడానికి వీల్లేకుండా జానెడు మామగారిని చేసింది. తలపాగాకు జరీ అంచు కూడా దిద్దింది. మర్నాడు దాన్ని భర్త చేత పెట్టెలోని గుడి గుమ్మంలో నిలబెట్టించి, తలుపు చాటునుంచి తనే మామగారిని పిలిచింది.

తలపాగా గోపురం దాటి పైకి పోయింది. దేవుడి పల్లకి ఆయన కాళ్ల సందులోంచి లోపలికి వెళ్లవచ్చు. ఆగమ్మ అరుగు కిందనుంచి చూసి, "అయ్యో పంతులూ, గుడి మీన ఎక్కినవేంది!" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వలేకపోయారు, అంత వికారంగా ఉంది.

సదాశివరావుకు లోపల తెలిసింది. ఒప్పుకోవడానికి నోరు రాలేదు. "అయితె గుడిని గూడ పెంచు" అన్నాడు.

"గుడి పెంచితె సందే ఉండదు మామయ్యా. పెద్దగ గావాలంటె ముందటికి రాండ్రి. ఆగమ్మ పక్కన చోటున్నది."

"హారతి ఇడిచిపెట్టి జామకాయల గంప కాడ నిలబడాల్నా నేను?" ఆయన చేతికర్ర నేలకేసి కొట్టాడు. "ముప్పై ఏండ్ల సంది ఆ గుమ్మంల హారతిస్తున్న. నన్ను గింత చిన్నగ చూసినోళ్లు ఎవరో చెప్పు!"

"నేను చూసిన. పైకి రాండ్రి, చూపిస్త" అంది నళిని.

ఆయన బిత్తరపోయాడు. మేడ మీది గది ఆడవాళ్లది. కోడలు కాపురానికొచ్చాక ఆయన ఆ మెట్లెక్కలేదు. కానీ అడిగింది తనే, వెనక్కి తగ్గడం ఆయనకు అలవాటు లేదు. కర్ర పట్టుకుని పైకి నడిచాడు. నళిని భర్తను సందు చివరికి పంపి గుడి గుమ్మంలో నిలబడమంది.

సందు వైపు చెక్క జాలీ కిటికీ ఉంది. దాని ముందు చిన్న పీట. నళిని ఆయన్ను పీట మీద కూచోబెట్టి, కణుపంత బొమ్మను చేతికిచ్చింది.

"చెయ్యి చాపుండ్రి. ఒక కన్ను మూసుకోండ్రి. ఇప్పుడు గుడి దిక్కు చూడుండ్రి."

గుమ్మంలో నిలబడ్డ గోపాలకృష్ణ ఆ బొమ్మ వెనక తల నుంచి కాళ్లదాకా దాగిపోయాడు. బొమ్మ పక్కకు తీస్తే కనబడ్డాడు, పెడితే మళ్లీ దాగిపోయాడు. కిటికీ కిందే ఆగమ్మ కూచుని కాయలు తుడుస్తోంది. ఆమె కొంగు మీది చిరుగు కూడా స్పష్టంగా కనబడుతోంది. పెట్టెలో ఉన్నది ఈ కిటికీలోంచి కనబడే సందే అని ముసలాయనకు అప్పుడు అర్థమైంది.

"నవమి నాడు నువ్వు ఈడ కూసుంటవా?"

"పెండ్లయిన కాడికెల్లి ఈడనే. ఈ పీట అత్తయ్యది మామయ్యా. నన్ను పక్కన కూసోబెట్టుకొని, 'అగో, అగ్గిపుల్లంత వెలుగు కనబడ్తుంది చూడు, అదే మీ మామయ్య' అని ఆమెనే చూపించింది."

సదాశివరావు చాపిన చెయ్యి దించాడు. ఆయన భార్య సూర్యప్రభ పోయి అప్పటికి చాన్నాళ్లు కాలేదు. ప్రతి నవమికీ ఆయన కొత్త పట్టుపంచె కట్టేవాడు. హారతి పళ్లెం ఎత్తేటప్పుడు కుడి భుజం ఎగరేసి నిలబడేది కూడా, పైనుంచి ఆమె చూస్తోందనే. ఆ పంచె అంచు గానీ, ఆ భుజం గానీ, అసలు మొహం గానీ ఇక్కడికి కనబడవు. ఇన్నేళ్లూ ఆమె చూసింది అగ్గిపుల్లంత వెలుగును.

"నళినీ, నా పక్కన ఆమెను పెట్టు. ఆ గుమ్మంల. కణుపంతనే పెట్టు, పర్వలేదు" అన్నాడు. ఆజ్ఞలా అనలేదు, అడిగాడు.

నళినికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా మాట తడబడలేదు.

"పెట్టలేను మామయ్యా. అత్తయ్య ఎన్నడు ఆడ నిలబడలేదు."

ఆ ఇంట్లో ఆయనకు అలా కాదని చెప్పినవాళ్లు లేరు. ఆయన కోడలి వైపు చూశాడు, కోపం తెచ్చుకోలేదు. చేతిలో బొమ్మ పట్టుకుని ఆ పీట మీదే చాలాసేపు కూచున్నాడు.

శనివారం పొద్దున బండి వచ్చింది. జానెడు మామగారిని తీసేసి కణుపంత మామగారిని గుమ్మంలో అతికించింది సదాశివరావే. జిగురు ఎక్కువ పూశాడు గానీ నళిని ఏమీ అనలేదు. కొండల్ మరో ఇద్దరితో పెట్టెను బండిలోకి ఎక్కించాడు. గోపాలకృష్ణ ఇస్త్రీ షేర్వానీ వేసుకుని, ఎక్కి పెట్టె పక్కన కూచున్నాడు.

"దిగు" అన్నాడు తండ్రి.

"నేనే పోవాలె గద బాపూ?"

"నువ్వు పోయి ఏం చెప్తవు? ఎవరన్న వచ్చి, ఈ ముసలాయన గింతనే ఎందుకున్నడని అడిగితె ఏం జవాబిస్తవు? నువ్వెన్నడన్న ఆ కిటికీల కూసున్నవా?"

గోపాలకృష్ణ దిగాడు. సందులో అందరూ చూస్తున్నారు. సదాశివరావు తలుపు వైపు తిరిగి, అందరికీ వినబడేలాగానే, "రా బిడ్డా, ఎక్కు" అన్నాడు.

నళిని చాటునుంచి బయటికి వచ్చింది. కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, గడప దాటి, అరుగు దిగి, బండెక్కి పెట్టె మీద చెయ్యి వేసింది. ఆమెకు భయం వేయలేదు, గర్వంగానే ఉంది.

"అడిగినోళ్లకు ఏం చెప్పాలె మామయ్యా?" అంది.

"నాకు ఎంత కనబడితె అంతనే చేసిన అని చెప్పు" అన్నాడు సదాశివరావు. బండి కదిలితే ఆయన కూడా సందు మలుపు దాకా దాని వెంట నడిచాడు.