ఎర్ర వీపుగుడ్డ

"కాజాలు కుట్టేదానికి ఇంగ్లీషు సినిమా ఏందే?" అన్నాడు గురప్ప. అయినా కుప్పమ్మ పోయింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

చిత్తూరు బజారులో టైలరు దుకాణం గురప్పది. బోర్డు మీద పేరు ఆయనది, కత్తెర ఆయనది. వెనక గదిలో కూర్చుని వేళ్ళకు సూదిపోట్లు పడేలా కాజాలు, అంచులు కుట్టేది మాత్రం పెళ్ళాం కుప్పమ్మ. ఎవరు కుట్టారని అడిగిన నాథుడు లేడు.

అది ఆ ఎగిరే మనిషి సినిమా వచ్చిన ఏడాది. అంతకుముందు సినిమాల్లో వీరుడు ఎగిరితే తాడు కనిపించేది. ఇతను నిజంగానే ఎగిరాడు. వీపున ఎర్రగుడ్డ రెపరెపలాడుతుంటే కుప్పమ్మ దాని కత్తిరింపునే చూస్తూ కూర్చుంది. భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఊరిని కాపాడినవాడే మర్నాడు కళ్ళజోడు పెట్టుకుని, ఆఫీసులో చీవాట్లు తింటూ, ఏమీ ఎరగనట్టు నిలబడడం మాత్రం బాగా అర్థమైంది. ఎంత గొప్పగా తీశారు! ఇంటికి నడుస్తుంటే తట్టింది: అతను తన పనిని తానే దాచుకున్నాడు. మరి నా పనిని దాచిందెవరు?

ఆ సినిమా తర్వాత మద్రాసులో తీసే సినిమాల్లో ప్రతి వీరుడి వీపునా గుడ్డే. చివరికి నాటకాల మునిరామయ్య కూడా తన రాజకుమారుడి వేషానికి ఒకటి కుట్టించుకున్నాడు. గురప్ప దుప్పటిలా నిలువుగా కత్తిరించి ఇచ్చాడు. పుత్తూరులో మొదటి ఆటకే అది కాళ్ళకు చుట్టుకుని, రాజకుమారుడు పోయి రాక్షసుడి ఒళ్ళో పడ్డాడు.

సరిచేయమని గుడ్డ దుకాణానికి వెనక్కి వచ్చింది. గురప్ప భోజనానికి పోయినప్పుడు కుప్పమ్మ దాన్ని విప్పింది. సినిమాలో చూసినట్టు భుజాల దగ్గర ఇరుకు చేసి, పక్కలకు ముక్కలు అతికి కింద గుండ్రంగా విశాలం చేసింది. కాళ్ళకు చుట్టుకోకుండా బరువుకు అంచు మడతలో చింతగింజలు పెట్టి కుట్టింది.

వారం తిరక్కుండా మునిరామయ్య పరుగున వచ్చాడు.

"గురప్పా! ఏం సెయ్యప్పా నీది! నేను దూకేలోపల గుడ్డ ఎగరతా ఉండాది. తిరుపతి నాటకమోళ్ళు గూడా అడగతా ఉండారు. ఇంకో ఆరు కావాల."

"మనకిదేం లెక్కబ్బా," అని గురప్ప మీసం దువ్వుకున్నాడు.

కుప్పమ్మ బయటికి వచ్చింది. మొగుడి మెడలోని టేపు లాగి తీసుకుంది. ఆడమనిషి మగవాడి కొలత తీయడం ఆ బజారు అంతవరకు చూడలేదు.

"నీకేమన్నా పిచ్చా? లోపలికి పో!" అన్నాడు గురప్ప.

"అది కుట్టింది నేను. అట్ట తిరుగన్నా," అంది మునిరామయ్యతో. నోరు తెరిచినవాడు తెరిచినట్టే తిరిగి నిలబడ్డాడు. ఆమె ఈ భుజం నుంచి ఆ భుజానికి టేపు పరిచి, మొగుడి వైపు చూసింది.

"పద్దెనిమిదిన్నర. రాసుకో."