కప్పు తెచ్చిన చెయ్యి

పటాన్‌చెరులో యాదన్న ఎక్కని ఫ్యాక్టరీ గడప లేదంటే నమ్మాలి. పంపుల కంపెనీ, పైపుల కంపెనీ, రంగుల కంపెనీ, మధ్యలో ఒక సబ్బుల కంపెనీ, ఆఖరికి మందుల కంపెనీ. ఇన్ని చోట్ల జీతం తీసుకున్న మనిషికి ఒక్క పని కూడా సరిగా రాదు. అది అతని తప్పు కాదు. ఏ కంపెనీ కూడా అతన్ని పని కోసం పెట్టుకోలేదు. అన్నీ బౌలింగ్ కోసమే పెట్టుకున్నాయి.

ఎనభై మూడులో మనవాళ్లు లండన్‌లో క్రికెట్ కప్పు గెలిచారు కదా, ఆ పిచ్చి ఇక్కడి మేనేజర్లకు బాగా ఎక్కింది. ఏటా చలికాలంలో ఫ్యాక్టరీల మధ్య కప్పు పోటీ పెట్టుకున్నారు. ఆడేవాడు కంపెనీ మనిషే అయివుండాలని ఒక రూలు కూడా రాసుకున్నారు. రూలు రాసినవాళ్లకే దాన్ని దాటే దారి తెలుసు. దసరా పోగానే మంచి ఆటగాళ్లను వెతికి పట్టుకొచ్చి, హెల్పర్ అని గేటు పాసు ఇచ్చి, గ్రౌండుకు తోలేవారు. కప్పు అయిపోయాక, ఉగాది దాటితే చాలు, 'బ్రేక్' అని ఇంటికి పంపేవారు. ఏడాది పొడుగునా ఉంచితే ఎక్కడ పర్మనెంటు అడుగుతాడో అని భయం. మళ్లీ దసరాకు అదే మనిషిని పిలిచి, పేరు కొంచెం మార్చి కొత్తవాడిగా రాసుకునేవారు. అలా ఒకే కంపెనీలో అతను ఒక ఏడు యాదన్న, ఇంకో ఏడు యాదయ్య, ఆ పై ఏడు యాదగిరి. కన్నతల్లి పెట్టిన పేరుమీద రెండేళ్లు వరుసగా జీతం తీసుకున్న పాపాన పోలేదు.

అతనిది కర్దనూర్. ఫ్యాక్టరీలు వచ్చినప్పుడు భూములు పోయినవాళ్లకు ఇంటికొక ఉద్యోగం ఇచ్చారు. ఆ భూముల్లో తరాల తరబడి కూలి చేసినవాళ్లకు ఏమిచ్చారని మాత్రం అడగకండి. వాళ్లకు పోవడానికి భూమి లేదు కాబట్టి ఏమీ పోలేదని లెక్క. యాదన్న తండ్రి ఆ లెక్కలోని మనిషే. కొడుక్కి మిగిలిన ఆస్తి ఆ కుడిచెయ్యి ఒక్కటే. అది ఊపితే బంతి ఎటు వచ్చిందో బ్యాటు పట్టుకున్నవాడికి వికెట్లు ఎగిరిపడ్డాక గానీ తెలిసేది కాదు. నాలుగు ఫ్యాక్టరీలకు కప్పులు తెచ్చిపెట్టాడు. ఆ కప్పులు ఇప్పటికీ ఆ మేనేజర్ల గదుల్లో అద్దాల వెనక మెరుస్తున్నాయి. తెచ్చినవాణ్ని మాత్రం కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టారు.

ప్రతి మేనేజరూ ఆట ముందు అరచేతిలో వైకుంఠం చూపించినవాడే. ఈసారి గెలిపించు యాదన్నా, పర్మనెంటు నా పూచీ అనేవాడు. కప్పు చేతికొచ్చాక మొహం చాటేసేవాడు. మరి ఇన్నిసార్లు మోసపోయినవాడు మళ్లీ ఎందుకు నమ్మాడంటారా? నమ్మకపోతే ఏం చెయ్యాలో మీరే చెప్పండి. పొద్దున్నే చౌరస్తాలో కూలీల అడ్డామీద నిలబడాలి. నలభైకి దగ్గరపడ్డవాణ్ని, తాపీ రానివాణ్ని, రాడ్ బెండింగ్ రానివాణ్ని అక్కడ ఎవరు పిలుస్తారు? అక్కడ యార్కరుకు కూలి గిట్టదు.

ఆ ఏడు మందుల కంపెనీలో పర్సనెల్ మేనేజర్ నరసరాజు అతన్ని గదిలోకి పిలిచి, కూర్చోమని కూడా అన్నాడు. డ్రమ్ములు లోడు చేసే సెక్షన్‌లో ఒక పర్మనెంటు ఖాళీ ఉందట. ఆదివారం ఫైనల్ గెలిస్తే సోమవారమే ఆర్డరు ఇప్పిస్తానన్నాడు. పెద్ద సార్‌తో కూడా మాట్లాడి ఉంచాడట. యాదన్న కుర్చీ అంచుమీద కూర్చుని, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని విన్నాడు. ఆ చెయ్యి అలా ఒళ్లో పెట్టుకోవడానికి ఒక కారణముంది. అది భుజం దాటి పైకి లేవడం మానేసి చాలాకాలమైంది.

ఆ సంగతి అతని భార్య ఆగమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. అంగీ తొడిగేది ఆమే, నెత్తిమీద నీళ్లు పోసేది ఆమే. అతను బౌలింగ్‌కు పరుగెత్తి వచ్చి, ఒళ్లంతా విరిచి ఆ ఊపులో చేతిని పైకి విసిరేవాడు. ఊపు లేకుండా మామూలుగా ఎత్తమంటే గోడమీద మేకుకు తగిలించిన అద్దం కూడా దించలేడు. నరసరాజు మాట విని ఇంటికొచ్చి చెప్పినప్పుడు ఆగమ్మ సంతోషపడలేదు. నూనె గిన్నె తెచ్చి అతని భుజానికి రాయడం మొదలుపెట్టింది.

"చెయ్యి లేస్తలేదని ఆ సార్‌కు చెప్పరాదు. ఇంకేదన్న పని ఇయ్యమను" అంది రాస్తూనే.

"ఈ చెయ్యి లేదంటే నాకు ఇంకేం పనొస్తదని ఇస్తడే? చెప్తే రేపే బ్రేక్ ఇస్తడు. చెప్పకుంటే ఆదివారం దాకనన్న ఉంట."

"ఆదివారమైనంక?"

"అయినంక పర్మనెంటు గద. ఇగ బాల్ ముట్ట."

ఎటు చూసినా గోడే. చెయ్యి బాగాలేదని చెప్తే తీసేస్తారు. చెప్పకుండా ఆడితే చెయ్యి పోతుంది. ఆడకపోతే ఎటూ పోతాడు. ఇందులో ఎక్కడైనా సందు ఉంటే దూరిపోయేవాడే, పాపం.

పటాన్‌చెరులో చూపించుకుంటే నలుగురికీ తెలుస్తుందని ఆదివారం తెల్లవారగానే బస్సెక్కి సంగారెడ్డి పోయాడు. ఒక డాక్టరు దగ్గర భుజంలో ఇంజక్షన్ వేయించుకున్నాడు. మొద్దుబారుతుంది కానీ బాగుకాదు, వారం రోజులు చేతికి పని చెప్పొద్దు అని ఆ డాక్టరు గట్టిగానే చెప్పాడు. యాదన్న బుద్ధిగా తలూపి, తిన్నగా గ్రౌండుకు వచ్చాడు.

ఆ రోజు అతను వేసిన బౌలింగ్ గురించి అక్కడున్నవాళ్లు చాలాకాలం చెప్పుకున్నారు. నొప్పి తెలియని చెయ్యి కదా, పాతికేళ్ల కుర్రాడిలా వేశాడు. అవతలివాళ్లది టైర్ల కంపెనీ. ఆఖరి ఓవరుకు వాళ్లకు ఇంకా కొన్ని పరుగులు కావాలి, ఒక్క వికెట్ మిగిలింది. నరసరాజు బౌండరీ గీత పక్కకొచ్చి నిలబడ్డాడు. యాదన్న పరుగెత్తి వచ్చి ఉన్న బలమంతా పెట్టి బంతిని బ్యాటు కిందికి విసిరాడు. మధ్య వికెట్ ఎగిరి పడింది. అదే ఊపులో అతని భుజంలో తాడు తెగినట్టు పుటుక్కుమంది. నొప్పి మాత్రం లేదు. అందరూ భుజాలమీద ఎత్తుకుని తిప్పుతుంటే అతను ఎడమచెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

సాయంత్రానికి ఇంజక్షన్ మత్తు దిగింది. ఆ బాధ చెప్పతరం కాదు. ఆగమ్మ ఇటుక కాచి కాపడం పెడుతూ ఏడ్చింది. అతను ఏడవలేదు. తెల్లారితే కంపెనీ మనిషిని, కంపెనీ ఆసుపత్రిలో చూపించుకుంటా, పైసా అడగరు అన్నాడు.

సోమవారం ఒక వింత జరిగింది. నరసరాజు మాట నిలబెట్టుకున్నాడు. పటాన్‌చెరు చరిత్రలో అలాంటిది మరొకటి జరిగిందో లేదో నాకు తెలియదు. ఆర్డరు టైపు చేయించి బల్లమీద పెట్టాడు. పేరు యాదన్న అనే ఉంది. యాదన్నకు కళ్లు చెమర్చాయి. ఇక మిగిలింది కంపెనీ డాక్టరు సంతకం ఒక్కటే, వెళ్లి మెడికల్ చేయించుకుని రమ్మన్నాడు నరసరాజు.

మెడికల్ అనేది ఒకటి ఉంటుందని యాదన్నకు ఆ క్షణం దాకా తెలియదు. ఇన్నేళ్లలో ఏ కంపెనీ కూడా అతని ఒంటిమీద చెయ్యి వేసి చూడలేదు. క్యాజువల్ మనిషి ఒళ్లు ఎలా ఉంటే ఎవరికి కావాలి? పర్మనెంటు చేసుకునేవాడి ఒంటినే చూసి మరీ తీసుకుంటారు.

కంపెనీ డాక్టరు కామరాజు అతన్ని చూడగానే లేచి నిలబడ్డాడు. నిన్న భార్యాపిల్లలతో వచ్చి మ్యాచ్ చూశానన్నాడు. అలాంటి బంతి జన్మలో చూడలేదన్నాడు. బీపీ చూశాడు, కళ్లు చూశాడు, అన్నీ బాగున్నాయని రాసుకున్నాడు. డ్రమ్ములు ఎత్తే పని కాబట్టి చేతులు రెండూ తలపైకి ఎత్తి చూపించాలి, అంతే అన్నాడు.

యాదన్న ఎడమచెయ్యి ఎత్తాడు.

"రెండోది కూడా" అన్నాడు డాక్టరు నవ్వుతూ. "నిన్న ఎత్తావు కదయ్యా, అందరం చూశాం."

యాదన్న నిన్నటిలా ఒళ్లు విరిచి విసిరి చూశాడు. చెయ్యి కదల్లేదు. ఒళ్లంతా చెమట పట్టింది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, పళ్లు బిగబట్టి, మెల్లగా తల దాకా, తలపై దాకా ఎత్తాడు. కళ్లముందు చీకట్లు కమ్మినా ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు.

డాక్టరు ముఖంలో నవ్వు పోయింది. "యాదన్నా, ఎడమచెయ్యి వదులు" అన్నాడు నెమ్మదిగా.

"వదుల్త సార్. జెర ఆగుండ్రి."

గోడమీద ఫ్యాను తిరుగుతోంది. డాక్టరు తల దించుకుని కాగితం దగ్గరికి లాక్కున్నాడు. యాదన్న ఆ చేతిని పట్టుకునే ఉన్నాడు.