రీకో పేరు మీద గీత

న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో నిల్సా చెయ్యి పడని గోడ లేదు. రంగు చిమ్మే డబ్బా పట్టిందంటే అక్షరం అచ్చు గుద్దినట్టు దిగేది. ఆ సంగతి ఆమే అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకునేది. ఎవరైనా కాదంటే, వచ్చి రాసి చూపించమనేది.

ఆమె తమ్ముడు విల్ఫ్రెడో అలా కాదు. రీకో అని మారుపేరు పెట్టుకుని దాన్నే వంకరటింకరగా రాసేవాడు. పాపం, ఉబ్బసంతో పోయి మూడేళ్లయింది. గోడల మీద వాడు రాసినవన్నీ నగరపాలక సంస్థవాళ్లు రంగేసి కప్పేశారు. మిగిలింది ఒక్కటే, అందరూ గౌరవంగా డోన్యా అని పిలిచే మిలాగ్రోస్ లాండ్రీ కిటికీ అద్దం మీద ఆసిడ్‌తో రాసిన పేరు. ఆసిడ్ గాజును తినేస్తుంది కాబట్టి ఎంత తోమినా పోదు.

పోయినవాడి పేరు జోలికి ఎవరూ వెళ్లకూడదు, గోడల మీద పేర్లు రాసేవాళ్లందరికీ అదే కట్టుబాటు. అలాంటిది జాక్స్ అనే వెధవ దాని మీద అడ్డంగా ఆసిడ్ గీత లాగి పోయాడు. నిల్సాకి ఒళ్లు మండిపోయింది. ఆ గీత కనబడకుండా తమ్ముడి పేరే లావుగా దిద్దుతానని మధ్యాహ్నమే బయల్దేరింది. స్నేహితుడు ఎడ్విన్ వెంటపడి ఆపబోయాడు.

"గాజంటే గోడ కాదు నిల్సా. కాస్త ఆగు."

"నాకు నేర్పుతున్నావా? పోలీసులొస్తే చెప్పు, చాలు."

ఆసిడ్‌తోనే రాసింది. కాసేపాగి తడిగుడ్డతో తుడిచి చూస్తే అక్షరాల్లేవు. గోడ మీదైతే పైన పడ్డ రంగుదే గెలుపు. గాజు మీద పాత ఆసిడ్‌కీ కొత్త ఆసిడ్‌కీ ఒకటే తెలుపు. పేరూ గీతా కలిసిపోయి పెద్ద తెల్లమచ్చ మిగిలింది. జాక్స్ గీసినా పేరు తెలిసేది, ఇప్పుడు నిల్సా తన చేత్తో తానే తుడిచిపెట్టేసింది.

డోన్యా మిలాగ్రోస్ బయటికొచ్చింది. అప్పట్లో ఆ రాత చూసి రీకోని నానా తిట్లూ తిట్టిన మనిషి, వాడు పోయాక అద్దం మారుస్తామని వచ్చినవాళ్లని గుమ్మంలోంచే తిప్పి పంపింది. ఇప్పుడు తిట్టలేదు. నిల్సాని లోపలికి తీసుకెళ్లి, ఆవిరి పట్టిన పక్క అద్దం చూపించింది.

"దీని మీద రాద్దువుగాని. ముందు వేలితో రాసి చూపించు. నీ అక్షరాలు కాదమ్మాయీ, వాడివి."

నిల్సా రాసింది. చక్కగా వచ్చింది. చెరిపి మళ్లీ రాసింది. ఇంకా చక్కగా వచ్చింది. మూడోసారికి కళ్లు మసకబారాయి.

"నాకు రావట్లేదు డోన్యా," అంది. బుద్ధెరిగాక ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు.