బీము కింద జాగా

అత్వెల్లి దాటాక హైవే పక్కన లేస్తున్న మందుల గోదాములో, ఒక బీము కింద జాగా కోసం జాషువాకూ అతని బావ యేసయ్యకూ పడింది. జాగా అంటే ఎకరమో గుంటో అనుకునేరు. ఒక మనిషి దూరి పడుకుంటే ఇటు అటు దొర్లడానికి కూడా వీల్లేని సందు అది. కానీ ఆ సందులోంచే చల్లగాలి డక్టు పోవాలి, ఆ సందులోంచే మంటలార్పే నీళ్ళ పైపూ పోవాలి. డక్టు గీసిన ఆఫీసువాళ్ళు పైపును చూడలేదు, పైపు గీసిన ఆఫీసువాళ్ళు డక్టును చూడలేదు. ఎవరి కాగితం మీద వాళ్ళకు జాగా బ్రహ్మాండంగా కనిపించింది. చావు మాత్రం పైకెక్కి బిగించేవాళ్ళకు వచ్చింది.

జాషువా డక్టుల మేస్త్రీ. తెల్లరేకుతో చేసిన పెద్ద పెద్ద డబ్బాలను ఒకదానికొకటి తగిలించి, కప్పు కింద ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలాడదీయడం అతని పని. యేసయ్య ఎర్ర రంగు పూసిన నీళ్ళ పైపుల మేస్త్రీ. యేసయ్య చెల్లెలు రెబెక్కానే జాషువా చేసుకున్నాడు. రెండిళ్ళూ కుత్బుల్లాపూర్‌లో ఒకే బస్తీ, ఒకే చర్చి. యేసయ్య పాట అందుకుంటే జాషువా డోలక్ వాయిస్తాడు. ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు. అయినా ఆదివారం ఆదివారం ఆ పాటకు ఈ దరువు పడుతూనే ఉంది. పాట కాగానే చెరో గుమ్మంలోంచి బయటికి పోయేవారు.

శనివారం సాయంత్రం ఇంజనీరు ఫణిభూషణ్ ఇద్దరినీ బీము కిందికి పిలిచాడు. ఆయనది భీమవరం వైపు. కోపం వచ్చినా మర్యాద తప్పడు.

"చూడండి బాబూ, మీ బావాబావమరుదుల గొడవలో నన్ను నలపకండి. సోమవారం పొద్దున్నే వస్తాను. ఈ బీము కింద ఏది బిగించి ఉంటే అదే ఉంటుంది. రెండోవాళ్ళు వంపు తిప్పుకుని పోవాలి. అంతేనండి, ఇంక నన్నడక్కండి," అనేసి కారెక్కి వెళ్ళిపోయాడు.

ఎవరూ రాయకపోయినా ఏ సైటులోనైనా నడిచే కానూను ఇదే, ముందు వేలాడిందే మొనగాడు. డక్టుకు వంపు తిప్పాలంటే వరసంతా విప్పి, షాపుకు మోసుకెళ్ళి, రేకు కొత్తగా కోయించాలి. పైపుకైతే నాలుగు మలుపులు వెల్డింగ్ చేసి, నీళ్ళు నింపి, కారుతుందో లేదో చూసుకుంటే అయిపోతుంది. పైపు వంచడమే సులువని జాషువాకు తెలుసు. యేసయ్యకు ఇంకా బాగా తెలుసు. తెలిసినా ఒప్పుకుంటే ఆయన యేసయ్య ఎట్లా అవుతాడు!

అసలు గొడవ ఈ బీముది కాదు, పోయినేటిది. అప్పుడు ఇద్దరూ శామీర్‌పేట అవతల ఇంకో షెడ్డులో పనిచేస్తున్నారు. యేసయ్య నడుముకు బెల్టు కడతాడు గానీ దాని కొక్కెం దేనికీ తగిలించడు. కొక్కెం తగిలిస్తే చెయ్యాడదంటాడు. తోకలా వెనక వేలాడేసుకుని కప్పంతా తిరుగుతుంటాడు. జాషువా ఆ సంగతి ఇంట్లో నవ్వుతూనే చెప్పాడు. రెబెక్కా తింటున్న కంచం పక్కకు నెట్టేసింది.

"మా నాయిన గట్లనే రేకుల మీదికెల్లి పడి పోయిండు. నువ్వు చెప్తే మా అన్న ఇనడు. ఆ సేఫ్టీ సార్‌కన్న చెప్పు. నీ దండం పెడ్త, ఏదన్న జెయ్యి," అని ఏడ్చింది.

మర్నాడు జాషువా వెళ్ళి చెప్పాడు. ఆ సారు పిలిచి రెండు మాటలు తిడతాడు, బావకు బుద్ధొస్తుంది అనుకున్నాడు. సారు తిట్టలేదు, నాలుగు మాటలు చెప్పనూ లేదు. మెడలో పాసు లాక్కుని యేసయ్యను గేటు బయటికి పంపించాడు. ఆ తర్వాత చాలాకాలం యేసయ్యకు ఎక్కడా పని దొరకలేదు. బస్తీ నడిబొడ్డున నిలబడి, నా ఇంటి బిడ్డను చేసుకుని నా కడుపు మీద కొట్టిండని జాషువాను కడిగేశాడు. చాడీలోడని పేరు పెట్టాడు.

ఒక్క మాట అంటే సరిపోయేది, నీ చెల్లెలే చెప్పమన్నదని. జాషువా అనలేదు. తండ్రి పోయాక రెబెక్కాను ఆ అన్నే పెంచాడు. వాళ్ళిద్దరి మధ్య చిచ్చు పెట్టడం తన వల్ల కాదు. రెబెక్కానే చెబుతుందిలే అని చూశాడు. ఆమె చెప్పలేదు. అన్న తిడుతుంటే గుమ్మంలో తలవంచుకుని కూర్చుంది. జాషువాకు ఒళ్ళు మండింది ఆ తిట్లకు కాదు, ఆ వంచిన తలకు.

ఇప్పుడు దీనికి తోడు ఇల్లొకటి వచ్చిపడింది. శామీర్‌పేట దారిలో చిన్న జాగా కొనుక్కుని రెండు గదులు వేసుకున్నారు. సున్నం కూడా అయింది. ఈ ఆదివారం కాక పై ఆదివారం పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తే చేరిపోవడమే. కానీ రెబెక్కా పట్టు పట్టింది.

"మా అన్న రాంది నేను గడప తొక్క. నువ్వే పోయి పిలువు."

"నేనెందుకు పిలువాలె? ఏం తప్పు జేసిన?"

"తప్పు జేసినవని ఎవలన్నరు?"

"గదే ముక్క మీ అన్నకు చెప్పు మరి."

రెబెక్కా పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. కొత్త ఇంటికి తాళం అలాగే ఉంది.

ఆదివారం పొద్దున జాషువా ఎప్పుడూ చెప్పని అబద్ధం చెప్పాడు. ఇంజనీరు రమ్మన్నడు, మస్తు అర్జెంటంట అని, తెల్లచొక్కా తొడిగినట్టే తొడిగి విప్పేసి, బండి తీశాడు. బావ చర్చిలో పాట అందుకునే లోపల డక్టు ఎక్కించేయాలి. రెబెక్కా ఏమీ అడగలేదు. అడగకపోవడమే అతనికి కొంచెం పరేషాన్‌గా అనిపించింది.

సైటు గేటు దగ్గర వాచ్‌మన్ బాలేష్ పళ్ళు తోముకుంటున్నాడు. పక్కన ఒక బండి ఆగి ఉంది. ఆ బండి సీటుకున్న చిరుగు జాషువాకు బాగా తెలుసు.

"ఎప్పుడొచ్చిండు?"

"మీ బావనా? జల్దీనే వచ్చిండు. ఇంజనీరు రమ్మన్నడంట," అన్నాడు బాలేష్, నురగ ఉమ్మేసి.

ఔరా, అబద్ధం కూడా అదే! జాషువాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది.

లోపల ఖాళీ గోదాములో, బీముకు అవతలి వైపు మంచె మీద యేసయ్య ఒక్కడే పైపుతో కుస్తీ పడుతున్నాడు. వస్తామన్న పోరగాళ్ళు ఆదివారం కదా, ఫోన్లు ఆపేసి పడుకున్నట్టున్నారు. జాషువా మనుషులూ అంతే చేశారు. జాషువా ఇవతలి మంచె ఎక్కి, కొక్కెం కడ్డీకి తగిలించి, చైన్ పుల్లీ సర్దుకున్నాడు. బాలేష్ తువ్వాలతో మూతి తుడుచుకుంటూ వచ్చి, కుర్చీ లాక్కుని సరిగ్గా మధ్యలో కూర్చున్నాడు. ఇంత తమాషా అతనికి మళ్ళీ ఎప్పుడు దొరుకుతుంది?

"బాలేష్!" అన్నాడు జాషువా గట్టిగా. "చర్చి ఎగ్గొట్టి ఎవలో దొంగలెక్క పని జేస్తున్నరు, సూసినవా?"

"బాలేష్!" అన్నాడు యేసయ్య అవతలి నుంచి. "గా అడిగినాయన చర్చిలకెల్లి మాట్లాడుతున్నడా, అడుగు."

బాలేష్ ఇటు తిరిగాడు. "ఇనవడ్డదా సార్?"

"ఇనవడ్డది. డక్టు వంగదని చెప్పు. పైపు వంగుతది, మనిషే వంగడు."

"వంగుడు నాకు రాదు బాలేష్. సార్ల ముందల వంగి చాడీలు చెప్పేటోళ్ళకు వస్తది."

జాషువా పళ్ళు కొరుక్కుని చైన్ లాగాడు. డబ్బా ఒక కొస లేచింది, రెండో కొస జారింది. ఆపి, దించి, మళ్ళీ లాగాడు. మళ్ళీ అంతే. ఒంటి చేత్తో అయ్యే పని కాదు అది. అవతల పైపు కూడా తక్కెడలా ఒకసారి ఇటు, ఒకసారి అటు వాలుతోంది. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. నువ్వో చెయ్యి వెయ్యమని అడిగే నోరు ఇద్దరికీ లేదు.

గేటు దగ్గర లారీ హారన్ మోగింది. బాలేష్ ఈసురోమంటూ లేచాడు.

"నేనొచ్చేదాంక మాట్లాడుకోకుండ్రి సార్," అని బతిమాలి వెళ్ళాడు.

వాళ్ళెక్కడ మాట్లాడతారు! మధ్యలో మనిషి లేకపోతే తిట్టుకోవడానికి కూడా దారి లేదు. చైన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. అప్పుడు జాషువా జేబులో ఫోన్ మోగింది. రెబెక్కా. ఒక చేత్తో చైన్ బిగపట్టుకుని, రెండో చేత్తో స్పీకరు నొక్కి ఫోన్ మంచె పలక మీద పెట్టాడు. ఆ ఖాళీ గోదాములో ఆమె గొంతు మైకులో పెట్టినట్టు వినిపించింది.

"ఈడ పాట అందుకునేటోడు లేడు, డోలక్ కొట్టేటోడు లేడు. పాస్టరుగారు నా దిక్కు సూస్తున్నరు. ఎలీషమ్మ వదినె నా పక్కన్నే ఉంది. మా అన్నను గూడ ఇంజనీరే పిలిచిండని చెప్తున్నది. ఏం ఇంజనీరయ్యా ఆయన?"

అవతల చైన్ చప్పుడు ఆగింది.

"మా అన్న ఆడనే ఉన్నడా?"

"ఉన్నడు."

"కిందనా, పైననా?"

"పైన."

"కొక్కెం తగిలిచ్చుకున్నడా?"

జాషువా తల తిప్పి చూశాడు. కొక్కెం యేసయ్య వెనక ఎప్పటిలాగే వేలాడుతోంది. యేసయ్య అతని వైపే చూస్తున్నాడు. పోయినేడు సారుకు చెప్పినట్టు ఇప్పుడు చెల్లెలికి చెబుతాడా, ఏం చెబుతాడో చూద్దామన్నట్టు. ఉందంటే అబద్ధం. లేదంటే మళ్ళీ చాడీ. జాషువా బావ కళ్ళలోకి చూస్తూ అలాగే ఉండిపోయాడు.

యేసయ్య చెయ్యి వెనక్కి పోయింది. కొక్కెం అందుకుని కడ్డీకి తగిలించాడు. టక్కుమంది.

"తగిలిచ్చుకున్నడు," అన్నాడు జాషువా.

"ఇప్పుడా?"

జాషువా చైన్ ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"ఇప్పుడే గదా! నాకు ఇనవడ్డది." రెబెక్కా గొంతు పెంచింది. "అన్నా, ఇంటున్నవా? నిరుడు సేఫ్టీ సార్‌కు చెప్పమన్నది నేను. ఆయన తనంతట తను పోలే. నేనే ఏడ్సి పంపిచ్చిన. నువ్వు బస్తీల అందరి ముందల ఆయన్ను తిడుతుంటే నోరు మూసుకొని కూసున్న. చెప్తే నువ్వు నన్ను గూడ ఇడిసిపెడ్తవని భయమైంది. ఇగ నాతోటి గాదు. తిడితే నన్ను తిట్టు. బత్కి ఉండి తిట్టు."

ఆ మాట కోసమే జాషువా ఏడాదిగా కాచుకుని ఉన్నాడు. అది వినగానే బరువు దిగి, గెలిచినట్టుంటుందని అనుకునేవాడు. అలాంటిదేమీ లేదు. బావ మొహం చూడలేక చైన్ వైపు తిరిగాడు.

యేసయ్య తువ్వాలతో మొహం రుద్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"బాలేష్!" అన్నాడు, అలవాటు కొద్దీ.

కింద కుర్చీ ఖాళీగా ఉంది. లారీ ఇంకా గేటు దగ్గరే ఉంది. యేసయ్య ఆ కుర్చీ వైపు చూశాడు, కప్పు వైపు చూశాడు. ఇంక చూడ్డానికి ఏమీ మిగల్లేదు.

"నీ డబ్బా ఇటు తొయ్యి. ఈ కొస నేను పడ్త, నువ్వు చైన్ గుంజు," అన్నాడు.

"మరి పైపు?"

"పైపుదేమున్నది. వంచుకుంట తియ్యి."

యేసయ్య పైపును పక్కకు దించి పడుకోబెట్టాడు. జాషువా చైన్ లాగాడు. డబ్బా బీము కిందుగా అవతలికి పోయి యేసయ్య చేతుల్లో ఆనింది. కొంచెం మీదికి, ఇంకొంచెం, బస్, బస్ అనుకుంటూ ఇద్దరూ చెరో వైపు నట్లు బిగించారు. ఏడాది తర్వాత మాట్లాడుకున్న మాటలు అవే.

ఆఖరి నట్టు బిగించి యేసయ్య స్పానర్ జేబులో వేసుకున్నాడు.

"రెబెక్కకు చెప్పు. వచ్చే ఆదివారం ఇంటి ప్రార్థనకు వస్త. పాట గూడ నేనే అందుకుంట."

"నేను చెప్ప. నీ చెల్లెకు నువ్వే చెప్పుకో," అన్నాడు జాషువా. "ఫోన్ ఇంక పెట్టేయలే."

నిజమే, పలక మీద ఫోన్ వెలుగుతూనే ఉంది. అందులోంచి మాటేమీ రావడం లేదు, ముక్కు చీదుతున్న చప్పుడు తప్ప. యేసయ్య మోకాళ్ళ మీద వంగి, ఫోన్ కోసం డక్టు కిందుగా చెయ్యి చాపాడు. నడుము దగ్గర బెల్టు తాడు బిగుసుకుని వెనక్కి లాగింది. అతని చెయ్యి కొక్కెం మీదికి పోయింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత దాన్ని వదిలేసి, ఖాళీ చెయ్యి మళ్ళీ ముందుకు చాపాడు.

"అందుతలేదు జాషువా. జర నువ్వే ఇటియ్యి," అన్నాడు.

జాషువా ఫోన్ తీసి అతని చేతిలో పెట్టాడు.