పారబోసేది నేను

గిన్నె కడగడానికి ఆవేళ కరుణమ్మకు నీళ్ళు అక్కర్లేకపోయింది. ఒంటేలు పట్టడానికి ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఆ ఎనామిల్ గిన్నె నిన్న పొద్దున తను పెట్టినట్టే ఉంది, అడుగున చుక్క తడి లేదు. అయినా కుళాయి దగ్గరికి తీసుకుపోయి, కడిగి తెచ్చి, మొగుడి మంచం కింద పెట్టింది. చేతులు ఖాళీగా ఉంటే అత్త ఆరోగ్యమ్మ ఊరుకోదు.

మాచర్ల దగ్గర క్వారీలో పేర్చిన నాపరాళ్ళు జారి ఇశ్రాయేలు తొడల మీద పడ్డాయి. పొద్దున పడితే మధ్యాహ్నం దాటాక గాని మనిషిని బయటికి లాగలేకపోయారు. తీరా చూస్తే ఎముక విరగలేదు, నెత్తురు కారలేదు. నరసరావుపేట ఆసుపత్రికి వచ్చేదాకా లారీలో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. "ప్రభువు చెయ్యి అడ్డం పెట్టాడమ్మా, గీత కూడా పడలా" అని ఆరోగ్యమ్మ వార్డులో అందరికీ చెప్పుకుంటోంది.

మొదటిరోజు గిన్నె పారబోస్తూనే కరుణమ్మ ఆగిపోయింది. చిక్కటి టీ డికాక్షన్‌లా ఉంది. మర్నాటికి ఇంకా నల్లబడి గుక్కెడయింది. తరవాత అదీ లేదు. దాహం దాహం అని ఇశ్రాయేలు అల్లాడుతుంటే ఆరోగ్యమ్మ తడిగుడ్డ పెదాలకద్దిందే గాని చెంబు అందనివ్వలేదు. నీళ్ళు తాగితే లోపలి దెబ్బ చీము పడుతుందని ఆమె భయం. ఆ దాహం ఎట్టాంటిదో కరుణమ్మకు తెలుసు. పెద్దపిల్ల పుట్టినప్పుడు, బాలింతకు నీళ్ళేందని ఈ అత్తే చెంబు దాచింది. తను పాక్కుంటూ పోయి కోళ్ళకు నీళ్ళు పెట్టిన చిప్ప మీద చెయ్యి వేసింది. "అమ్మ చెప్పినట్టు పడుండలేవా" అని ఆ చిప్పను కాలితో తన్నినవాడే ఈ మంచం మీద ఉన్నాడు. అయినా అత్త కునుకు తీసినప్పుడు తలెత్తి పట్టుకుని అతనికి నీళ్ళు పట్టింది. గిన్నె మాత్రం తడవలేదు.

ఇవాళ అతని మొహం నిండుగా ఉంది. కనురెప్పలు ఉబ్బాయి. "పని లేకపోయేసరికి నా కొడుకు ఒళ్ళు చేశాడు చూడవే" అని ఆరోగ్యమ్మ మురిసిపోయింది. ఎక్కిళ్ళు పట్టుకుని వదలడం లేదు. "క్వారీలో ఎవరో చానా గట్టిగా తలుచుకుంటన్నారు రా నిన్ను" అని బావగారు దేవానందం నవ్వాడు.

"ఒంటికి పోలేదత్తా" అని మెల్లగా అంది కరుణమ్మ.

"ఏందే ఆ మాటలు? మొగుడి ఒంటేలు సంగతి నలుగురిలో చెప్పుకుంటారా?"

ఇశ్రాయేలు ఆమె మణికట్టు పట్టుకుని దగ్గరికి లాగాడు. "పక్క మంచం సాయిబుకు అందరి ముందూ గుడ్డలిప్పి గొట్టం వేశారు, చూశావుగా. ఈ మాట డాక్టరు చెవిన పడిందో, ఇంటికి పోయినాక నీ పని చెప్తా."

ఊరుకోవడం కరుణమ్మకు కష్టమైన పని కాదు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ చేస్తున్న పనే. ఊరుకుంటే అత్త మెచ్చుకుంటుంది. రేపు ఇతను పోయినా, సమాధుల దొడ్డిలో కూడా మొగుడి మాట దాటని మనిషని చెప్పుకుంటారు. ఆ ఆలోచన ఎంత సులువుగా వచ్చి పక్కన కూర్చుందో చూసుకుని ఆమె చటుక్కున మణికట్టు విడిపించుకుంది.

డాక్టరు వచ్చి కాళ్ళు చూశాడు. "ఒంటికి సరిగ్గా పోతున్నాడా?" అని అడిగాడు. అడిగింది దేవానందాన్ని.

"బాగా పోతన్నాడండి" అన్నాడు, ఆ మంచం కిందికి ఒక్కసారైనా వంగి చూడని దేవానందం. "ఇంటికి తీసకపోమంటారా?"

కరుణమ్మ వంగి గిన్నె బయటికి లాగింది. డాక్టరు కాళ్ళ దగ్గర పెట్టింది.

"నిన్న పొద్దుటి నుంచి చుక్క రాలేదయ్యా. అంతకుముందు వచ్చింది నల్లగా వచ్చింది. పారబోసేది నేను."

డాక్టరు గిన్నె వంక చూశాడు. ఇశ్రాయేలు ఉబ్బిన రెప్పను వేలితో నొక్కాడు. నాడి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "నలిగిన కండ విషమై నెత్తుట్లో కలిసింది. మూత్రపిండాలు మూసుకుపోయినట్టున్నాయి. గుంటూరు పంపాలి, ఇప్పుడే. అక్కడికి పోయినా ఏమీ చెప్పలేను" అన్నాడు.

స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే ఇశ్రాయేలు ఎక్కిళ్ళ మధ్య కరుణమ్మను వెతికి చూశాడు.

"ఇంటికి పోనీ... నీ పని... చెప్తా."

కరుణమ్మ గిన్నె చంకన పెట్టుకుని స్ట్రెచర్ పక్కనే నడిచింది.

"చెబుదువుగాని" అంది. "ముందు బతుకు."