పచ్చి అలుపు

సాయంత్రం గంట కొట్టగానే ఇటుక బట్టీలో పని ఆగిపోతుంది, ఒక్క చిన్నదాని వాళ్ల గాడిదలకి తప్ప. గోడ మలుపు దగ్గర తండ్రి ఖళ్లుమని దగ్గి వస్తాడు. మిగిలిన ఇటుకలకేసి ఓసారి చూసి, "ఇంకొక్క ట్రిప్పు లాగించేద్దాం," అంటాడు. ఆ ఒక్కటీ రెండవుతుంది. ఆ తరవాతే ఆరు గాడిదలూ ఇంటి వెనక పాకలోకి చేరతాయి.

అక్కణ్ణుంచి పని చిన్నదానిది. ఇరవై మూడేళ్లొచ్చినా ఆ ఇంట్లో ఆమె చిన్నదే. వీపుల మీద, ఇటుకల కింద కట్టిన గోనె గంతలు ఒక్కొక్కటే విప్పుతుంది. గంత తీయగానే గాడిద చెవుల నుంచి తోకదాకా ఒళ్లు జాడిస్తుంది. అలుపు రాలుతుంది. బూడిదరంగులో, మెత్తగా, ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుంది. దాన్ని చీపురుతో పోగుచేసి, ఏ గాడిదది ఆ గాడిద డబ్బాలోకి ఎత్తుతుంది. పోనీలే అని వదిలేస్తే పొద్దున్నే పాకలో కాలు పెట్టినవాళ్లు పెట్టినచోటే కూలబడతారు. ఓసారి పాలాయన అట్లాగే క్యానుని కావలించుకుని మధ్యాహ్నం దాకా గుర్రుపెట్టాడు.

వీధిలో అందరికీ ఆ డబ్బాలతో పనే. చిటికెడు తలగడ కింద వేసుకుంటే చాలు, రెప్పలు వాలిపోతాయి. కుట్టుపనామె పసిదాని ఉయ్యాలలోకి పట్టుకెళుతుంది. రాత్రి డ్యూటీ చేసే నర్సు పగటి నిద్రకి పట్టుకెళుతుంది. రిటైరైన లెక్కల మాస్టారికైతే బేరమెక్కువ. "ఆ కుర్రగాడిదది వద్దమ్మాయ్, గంటకే వదిలేస్తోంది. పెద్దాయనది ఉంటే చూడు," అంటాడు.

పెద్దాయన అంటే ముసలి గాడిద. పద్దెనిమిదేళ్లుగా మోస్తున్నాడు. ఆయన అలుపు ఇసుకలా గరుగ్గా, బరువుగా ఉంటుంది.

నియమం ఒకటే. అలుపుకి మూడు ఎండలు చూపించాలి. ఎండలో నొప్పి ఎగిరిపోయి నిద్ర మాత్రం మిగులుతుంది. అందుకే పచ్చిది ఎడమ అరలో, ఎండింది కుడి అరలో. నాయనమ్మ చిన్నదానికి కుడిచెయ్యేదో ఎడమచెయ్యేదో నేర్పింది ఆ అరలు చూపించే.

సోమవారం అన్నం తింటూ తండ్రి చెప్పాడు. "గురువారం పొద్దున తోళ్లాయన లారీ వస్తుంది. పెద్దాయన్ని ఇచ్చేస్తానని మాటిచ్చా."

చిన్నదాని చేతిలో ముద్ద ఆగిపోయింది. "తోళ్లాయనకా?"

"మరి? నలభై ఇటుకలు మోసేవాడు ఇరవైకే మోకాళ్ల మీద పడుతున్నాడు. ఆ చోట్లో ఇంకో కుర్రదాన్ని కట్టుకోవచ్చు."

"మోకాళ్ల సంగతైతే ముందు నీవి చూసుకో," అంది తల్లి. "లారీ ఎలాగూ వస్తోంది."

"ఇన్నేళ్లు వాడు మోశాడు. ఇప్పుడు మనం మొయ్యలేమా నాన్నా?"

"మొయ్యి. నీ నెత్తినెక్కించుకో. అడ్డగాడిదని ముద్దుచేస్తే అటకెక్కిందిట!"

తండ్రి దుర్మార్గుడేం కాదు. గాడిద మీద కర్ర ఎత్తగా ఎవరూ చూడలేదు. అలవాటుపడిపోయిన మనిషి, అంతే. కానీ మాటిచ్చిన రాత్రి నుంచీ ఆయనకి నిద్ర లేదు. చాప మీద తల ఆనితే చాలు గోడలదిరేలా గురకపెట్టే మనిషి, ఇటుదొర్లి అటుదొర్లి చాప చివర్లు చీలికలు చేశాడు.

బుధవారం సాయంత్రం చిన్నది పాక ఊడుస్తూ ఏడ్చింది. ముక్కు తుడుచుకుంటూ డబ్బాలు సర్దింది. దీపాలు పెట్టే వేళకి తండ్రి గుమ్మంలో నిలబడి, గోడకి చెబుతున్నట్టు, "ఏమేవ్, ఆ డబ్బాలోది నాకూ కాస్త పడెయ్," అన్నాడు. ఊరంతటికీ పంచిన మనిషి. తను వాడటం అదే మొదలు.

తల్లి కుడి అరలోంచి డబ్బా తీసింది. మూత తీయగానే చిన్నదానికి గరుకు పలుకులు కనిపించాయి. పెద్దాయనది. ఇవాళ్టిది, పచ్చిది. కళ్లు మసకేసి తనే కుడివైపు పెట్టేసింది.

"అమ్మా..."

"ఏంటే?"

మాట నాలిక చివరిదాకా వచ్చింది. గుటకేసింది.

"ఏం లేదు."

"దున్నపోతంత మనిషికి చిటికెడేం ఆనుతుంది," అని తల్లి పిడికెడు తీసి మొగుడి తలగడ కింద జల్లింది.

పొద్దున్నే తండ్రికి మెలకువైతే వచ్చింది గానీ లేవడం రాలేదు. చిన్నది గ్లాసుతో నీళ్లు తెస్తే తాగాడు. ఇంకా కావాలన్నాడు. మూడు చెంబులు తాగాడు.

"ఎక్కడ నొప్పి నాన్నా?"

"ఎక్కడ లేదని అడుగు. డొక్కల మీద తాడేసి బిగించినట్టుంది. ఇదిగో, నడుం పైన, ఈ ఎముక మీద నిప్పు పెట్టినట్టుంది."

చిన్నది పాకలోకి పరిగెత్తింది. పెద్దాయన వీపు మీద సరిగ్గా అక్కడ వెంట్రుకలు పాయతీసి చూసింది. గోనె మడత ఒరుసుకుని, బొటనవేలంత పుండు. రోజూ గంత విప్పేది తనే. రాలిన అలుపు చూసింది గానీ వీపు చూడలేదు. నాన్ననేనా అనాల్సింది? వేన్నీళ్లు తెచ్చి కడుగుతుంటే పెద్దాయన ఒళ్లంతా వణికింది, కానీ కదల్లేదు. తల తెచ్చి ఆమె భుజాన ఆనించాడు.

తిరిగొచ్చేసరికి తండ్రి కప్పుకేసి చూస్తున్నాడు. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి.

"రాత్రంతా నా దగ్గు నాకే వినబడిందే," అన్నాడు. "గోడ మలుపు దగ్గర. అది వినబడగానే ప్రాణం లేచొచ్చేది. అమ్మయ్య, వచ్చేశాడు, ఇంక దించేస్తాడు అని. ఆ దగ్గంటే వాడికి ఎంత ఇష్టమే చిన్నదానా." కళ్లు మూసుకున్నాడు. "ఆ వెంటనే నేను ఇంకొక్క ట్రిప్పు అనేవాణ్ణి."

బయట లారీ హారను కొట్టింది. తోళ్లాయన లోపలికొచ్చి, పడుకున్న మనిషిని చూసి నవ్వాడు. "ఏంటి బావా, ఎవణ్ణెక్కించాలి లారీలో?"

"వాణ్ణి ఇవ్వట్లేదు."

"మాటిచ్చావు కదయ్యా!"

"మాటిచ్చినవాడికి నిద్ర పట్టలేదు. నిద్రపోయి లేచినవాడు ఇవ్వనంటున్నాడు."

తోళ్లాయన గొణిగాడు, డీజిలు దండగన్నాడు. ఇచ్చిన టీ మాత్రం తాగాడు. గుమ్మం దాటబోయి ఆగి, గొంతు తగ్గించి, "చిన్నమ్మాయ్, నాకూ ఈమధ్య నిద్ర సరిగ్గా పట్టట్లేదు. ఓ పొట్లం కట్టిస్తావా?" అన్నాడు.

చిన్నది ఎడమ అరకేసి చూసింది. లారీకేసి చూసింది. పచ్చిదిస్తే ఆ మనిషి ఒంటి మీద ఎన్ని వీపుల నొప్పి పడుతుందో తలుచుకుంటే జాలేసింది. కుడి అరలోంచి, బాగా ఎండిన కుర్రగాడిదది తీసి పొట్లం కట్టింది.

తండ్రి రెండోరోజుకి లేచాడు. ఆరు గంతల్నీ విప్పించి, లోపల మెత్తటి పాత దుప్పట్లు పెట్టి కుట్టించాడు. నలభై ఇటుకలు పాతికయ్యాయి. గంట కొట్టాక ట్రిప్పు లేదు. పెద్దాయనకి అసలే లేదు. పాక ముందు ఎండలో నిలబడి గోడలకి ఒళ్లు రుద్దుకుంటుంటాడు.

"ఈమధ్య మీ అలుపులో సత్తువ లేదమ్మాయ్," అని సణిగాడు మాస్టారు. "నాలుగింటికే మెలకువొచ్చేస్తోంది."

"సాయంత్రం రెండు వీధులు నడవండి మాస్టారూ. మీది మీకే రాలుతుంది."

ఒక సాయంత్రం గోడ మలుపులో దగ్గు వినబడింది. పెద్దాయన చెవులు నిటారుగా లేచాయి. వీపు మీద ఏమీ లేకపోయినా ఎదురెళ్లి తండ్రి ముందు నిలబడ్డాడు, దించమన్నట్టు. తండ్రి ఖాళీ వీపు మీద రెండు చేతులూ వేసి, నిజంగానే ఏదో బరువు దించి కిందపెట్టినట్టు వంగాడు. పెద్దాయన ఒళ్లు జాడించాడు. ఏమీ రాల్లేదు.

చిన్నది చీపురు కింద పెట్టింది. "నాన్నా, ఆ రోజు డబ్బా తప్పు అరలో పెట్టింది నేనే. అమ్మ తీస్తుంటే చూశాను. చూసి ఊరుకున్నాను."

తండ్రి ఆ పుండు మానిన చోట వేళ్లతో రాశాడు.

"అందులో ఇంకా మిగిలిందా?"

"సగం ఉంది."

"ఎండకి పెట్టకు. అట్లాగే ఉంచు," అన్నాడు. "నేను మర్చిపోయిన రోజున కావాలి."